కృప అంతా దేవుడిదైతే, ఒప్పుకున్నవాడికీ కాదన్నవాడికీ తేడా ఎక్కడిది?

అందరికీ వందనాలు. ఎఫెసీ 2:8 ప్రకారం రక్షణ మనవల్ల కలిగింది కాదు, దేవుని వరమే. అదే పౌలు ఫిలిప్పీ 2:12లో మీ సొంత రక్షణను భయంతో, వణకుతో కొనసాగించుకోమంటాడు. వెంటనే 13లో, మనం ఇష్టపడేలా చేసేది కూడా దేవుడేనట. నాకు తల తిరిగేది ఇక్కడే.

డార్ట్ సినడ్ (1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ సంఘాల సభ) లెక్కలో, రక్షణకు దేవుడు ఎన్నుకున్నవాళ్లు ఆ కృపను చివరిదాకా ఎదిరించలేరు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ మాత్రం కృపే ముందుగా వచ్చి మనసును విడిపిస్తుందనీ, కాదనే వీలు మనిషికి ఉంటుందనీ అన్నాడు. నాకు వెస్లీ మాటే కాస్త మింగుడుపడుతోంది. కానీ ఒకే కృప అందిన ఇద్దరిలో ఒకరు ఒప్పుకుని, మరొకరు కాదంటే? ఒప్పుకోవడం ఆ మనిషి గొప్పేనా? అప్పుడు అతిశయానికి తావులేదన్న ఎఫెసీ 2:9 ఏమైనట్టు?

బైబిల్ స్టడీలో అడిగితే "ప్రార్థన చేయండి బ్రదర్" అన్నారు. చేస్తూనే ఉన్నానండీ! వెస్లీ పక్షంవాళ్లు దీనికి ఏం జవాబిస్తారో తెలిసినవాళ్లు చెప్పగలరా?