డిగ్రీలో ‘నాయకత్వా’నికి మార్కులు వేయాలా?

సుద్దముక్క:
నేను డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్తాను. ఈ సెమిస్టర్ ముందు కోర్సులన్నిటికీ లెర్నింగ్ అవుట్‌కమ్‌లు (కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు) మళ్లీ రాయమన్నారు. "విద్యార్థి రిగ్రెషన్ చేసి ఫలితాన్ని వివరించగలడు" అని రాయడం తేలికే, పరీక్ష పెడితే తెలిసిపోతుంది. గొడవంతా ఆఖరి వరసతో: "విద్యార్థి నాయకత్వ లక్షణాలు ప్రదర్శించగలడు", 10 మార్కులు. పోయినసారి నేనేం చేశానో చెప్తా, నవ్వకండి. ప్రాజెక్టు ప్రెజెంటేషన్‌లో బాగా మాట్లాడినవాళ్లకి 8, 9 వేశాను, మూల నిలబడ్డవాళ్లకి 5. తర్వాత తెలిసింది, ఆ 5 వచ్చిన అమ్మాయే పని పంచిందట, చివరి రాత్రి డేటా పాడైతే అందర్నీ కూర్చోబెట్టి మళ్లీ చేయించిందట. దడదడా మాట్లాడిన అబ్బాయి ఆ స్లయిడ్లు చూడటం అప్పుడే మొదటిసారి. ఇప్పుడు ఈ వరస తీసేయమని అడగాలా, లేక సరిగ్గా వేసే దారేమైనా ఉందా?

సందేహాలరావు:
తీసేయమనండి, ఆలోచించకండి. కొలవలేనిదాన్ని లక్ష్యం అని రాస్తే కొలవడానికి వీలైనదేదో వచ్చి దాని చోట కూర్చుంటుంది. మీ క్లాసులో గొంతు వచ్చి కూర్చుంది. ఇంకో క్లాసులో క్లబ్బు పదవులో, సర్టిఫికెట్లో. పిల్లలు తెలివైనవాళ్లు, దేనికి మార్కులు పడుతున్నాయో రెండో వారంలో పసిగట్టి అది నటిస్తారు.

ల్యాబ్‌కోటు:
రావు గారూ, అది రాసిన తీరులో తప్పు, లక్ష్యంలో కాదు. రాల్ఫ్ టైలర్ అనే అమెరికన్ విద్యావేత్త 1949లోనే చెప్పాడు, లక్ష్యం అంటే విద్యార్థి ఏ విషయంలో, ఏం చేయగలగాలో రెండూ కలిపి ఉండాలని. "నాయకత్వ లక్షణాలు" అన్నదాంట్లో ఆ రెండూ లేవు. ఇక అందరూ వల్లించే బ్లూమ్ వర్గీకరణ (1956లో వచ్చిన ఆరు మెట్లు, 2001లో సవరించారు) ఆలోచనా సామర్థ్యాల గురించి. వైఖరులకీ విలువలకీ 1964లో అదే బృందంలోని కొందరు వేరే వర్గీకరణ చేశారు: ముందు పట్టించుకోవడం, స్పందించడం, తర్వాత విలువ ఇవ్వడం, అలా చివరికి అది స్వభావంలో భాగం కావడం వరకు అయిదు మెట్లు. ఒక సెమిస్టర్లో ఏ పిల్లవాడూ అయిదో మెట్టుకి చేరడు. మనం మాత్రం ఏకంగా అక్కడ నిలబెట్టి 10కి ఎంత అని అడుగుతున్నాం!

సందేహాలరావు:
మీ వర్గీకరణ చేసినవాళ్లే ఇంకో మాట కూడా రాశారు కదా, విలువలు సొంత వ్యవహారమని, వాటికి గ్రేడు వేయడానికి టీచర్లు జంకుతారని. నాకూ ఆ జంకే. లెక్క తప్పితే నా లెక్క తప్పింది. నాయకత్వంలో 5 వస్తే నేనే తక్కువవాణ్నన్నమాట. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఆ ముద్ర ఎందుకు?

నాలుగో వరస:
నేను మూడో సంవత్సరం స్టూడెంట్‌ని, మధ్యలో దూరుతున్నా. మీ ఇద్దరూ కొలత గురించే కొట్టుకుంటున్నారు. అసలు మాకు నాయకత్వం చూపించే అవకాశం ఎక్కడుంది? టాపిక్ మీరే ఇస్తారు, టీమ్ మీరే వేస్తారు, గడువు మీది, రిపోర్టులో ఫాంట్ సైజు కూడా మీదే. మాకు మిగిలిన నిర్ణయం స్లయిడ్ల రంగు ఒక్కటే. దాన్లో ఎవరు లీడర్ అంటే ఏం చెప్తాం, ఎవరి ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఉందో వాళ్లే.

సుద్దముక్క:
ఇది గట్టిగా తగిలింది. అవును, ఫాంట్ సైజు కూడా నేనే రాశాను.

పాతబెంచి:
నేను ఉద్యోగంలో పాతికేళ్లుగా టీమ్‌లు నడిపినవాణ్ని. సుద్దముక్క గారూ, మీ టీమ్‌లో ఎంతమంది?

సుద్దముక్క:
ఏడుగురు. క్లాసు పెద్దది, టీమ్‌లు తక్కువైతేనే నేను దిద్దగలను.

పాతబెంచి:
సగం జబ్బు అక్కడే ఉంది. రింగెల్‌మన్ అని ఫ్రాన్స్‌లో ఒకాయన మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, 1913లో అచ్చువేశాడు. ఎనిమిదిమంది కలిసి లాగితే ఒక్కొక్కరి లాగుడు ఒంటరిగా లాగినదాంట్లో సగానికి పడిపోయింది. కొంత బద్ధకం, కొంత పొంతన కుదరకపోవడం. ఏడుగురిలో ఇద్దరు చేస్తారు, ముగ్గురు చేస్తున్నట్టు కనిపిస్తారు, మిగతావాళ్ల సంగతి మీకే తెలుసు. నలుగుర్ని చేయండి.

రెండో సంగతి. అమెరికాలో ఇంజనీరింగ్ డిగ్రీలకి గుర్తింపునిచ్చే ఏబెట్ ఉంది కదా, 2000 ప్రాంతంలో వాళ్ల నిబంధనల్లో "వేర్వేరు విభాగాల టీమ్‌లో పనిచేయగలగాలి" అని మాత్రమే ఉండేది. 2019 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలో నాయకత్వం అన్న మాట వచ్చింది, కానీ ఎలా వచ్చిందో చూడండి: సభ్యులు అందరూ కలిసి నాయకత్వం అందించే టీమ్, లక్ష్యాలు పెట్టుకుని పనులు వేసుకునే టీమ్, అందులో విద్యార్థి పనిచేయగలగాలి. ఫలానావాడు లీడర్ అని ఎక్కడా లేదు. మీరు ఒక్కొక్కణ్నీ విడిగా తూకం వేస్తున్నారు.

ల్యాబ్‌కోటు:
విద్యార్థుల్లో నాయకత్వం పెంచడానికి చేసిన సోషల్ చేంజ్ మోడల్ (1996, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలస్‌లో తయారైంది) కూడా ఇదే అంటుంది, నాయకత్వం పదవి కాదు, నలుగురూ కలిసి చేసే ప్రక్రియ అని. అందులో నాకు నచ్చిన అంశం మర్యాదగా విభేదించడం. మా ల్యాబ్‌లో అది చూడగలిగాను: "నువ్వు వద్దన్న ప్రయోగం టీమ్ చేసింది, తర్వాత నువ్వేం చేశావు?" అని వైవాలో అడిగితే ఎవరు అలిగారో, ఎవరు అయినా సరే భుజం కలిపారో జవాబులోనే బయటపడుతుంది.

నాలుగో వరస:
తోటివాళ్ల చేత మార్కులు వేయిస్తారేమో, ప్లీజ్ వద్దు. మా క్లాసులో అందరూ అందరికీ 10 వేసుకున్నాం. ఒకడికి మాత్రం పాత గొడవ మనసులో పెట్టుకుని 2 వేశారు.

ల్యాబ్‌కోటు:
అంకె ఒక్కటే అడిగితే అంతే. పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్యాట్‌మీ అనే సాధనం ఉంది, అందులో పని పంచుకున్నాడా, టీమ్‌ని దారిలో ఉంచాడా, నాణ్యత ఆశించాడా లాంటి అయిదు అంశాల కింద నడవడిక వర్ణనలు ఇచ్చి ఏది సరిపోతుందో ఎంచుకోమంటారు. ఒక గుంపు తమలో తాము ఎక్కువ వేసుకుంటే ఆ సాధనం పసిగట్టి టీచర్‌కి చూపిస్తుంది కూడా. మోసం ఆగిపోతుందనను, కష్టం అవుతుంది.

సందేహాలరావు:
ఇన్ని సాధనాలు పెట్టి చివరికి తేల్చేది "పని చేశాడా, మాట నిలబెట్టుకున్నాడా" అనేకదా. అయితే అదే రాయండి. నాయకత్వం అనే పెద్ద మాట ఎందుకు, బ్రోషర్‌కి తప్ప?

సుద్దముక్క:
మాట మార్చే అధికారం నాకు లేదు రావు గారూ, దాని కింద ఏం రాయాలో మాత్రం నా చేతిలో ఉంది. ఈసారి టీమ్‌కి నలుగురు. ప్రశ్న వాళ్లే వెతుక్కోవాలి, మధ్యలో ఒక గడువు వాళ్లే పెట్టుకోవాలి. ప్రతి వారం ఒక పేజీ: ఏం నిర్ణయించారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు. ఆ 10 మార్కులు ఆ పేజీల మీద, టీమ్ మొత్తానికి ఒకటే. ఇంతకన్నా ఇప్పటికి తోచట్లేదు. దిద్దాల్సిన కాగితాలు రెట్టింపు అవుతాయని మాత్రం ఖాయం.

నాలుగో వరస:
టీమ్ మొత్తానికి ఒకటే అంటే పని చేయనోడు బతికిపోతాడు సార్.

సుద్దముక్క:
బతికిపోతాడు. దానికింకా జవాబు లేదు నా దగ్గర.

సందేహాలరావు:
అది సరే, ఆ అమ్మాయి మార్కులు మార్చారా?

సుద్దముక్క:
లేదు. నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. పిలిచి తప్పు నాదని చెప్పాను. "పర్లేదు సార్, నాకు అలవాటే" అంది.