తలగా నియమిస్తానన్న వాగ్దానం, ఆఖరి సెక్షన్‌లో తమ్ముడు

తెనాలి అక్క:
మా తమ్ముడికి పదిహేడేళ్లు. విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకు ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లనంటున్నాడు. రాత్రిళ్లు నిద్రపోడు, పగలు మంచం దిగడు. మా చర్చి సంఘంలో డోలక్ వాయించేవాడు, ఇప్పుడు ఆదివారం వస్తే దుప్పటి ముసుగు తీయడు.

జనవరి ఒకటో తేదీ ఆరాధనలో, ఆ ఏడాదికి దేవుడి మాటగా ఒక్కొక్కరికి ఒక బైబిలు వచనం ఇచ్చే వాగ్దానం కార్డుల్లో, వాడికి వచ్చింది ద్వితీయోపదేశకాండం 28:13. తలగా నియమిస్తాను గాని తోకగా కాదు అన్న వచనం. వాళ్ల కాలేజీలో వారం వారం పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారు. ఆగస్టుకల్లా వాడిని ఆఖరి సెక్షన్‌లో వేశారు. మొన్న ఆ కార్డు పర్సులోంచి తీసి నా చేతిలో పెట్టి, "అక్కా, ఇది పక్కవాడికి రావాల్సిన కార్డు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నాకే భయం వేసింది.

విశ్వాసం సన్నగిల్లిందని అమ్మ శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేస్తోంది. నాన్న కట్టిన ఫీజు గురించి తప్ప మాట్లాడరు. నేను విశ్వాసినే. అయినా వాడికి బైబిల్లోంచి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియడం లేదు.

గుంటూరు మాస్టారు:
అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మా సంఘంలో యవ్వనస్థుల కూటం చూసుకుంటాను. ముందు ఆ కార్డు సంగతి తేల్చాలి. ఆ మాట కనాను దేశం ముంగిట నిలబడ్డ ఇశ్రాయేలు జనాంగం మొత్తానికి మోషే చెప్పింది. ఆజ్ఞలు పాటిస్తే అన్న షరతు అదే వచనంలో ఉంది. దాన్ని కత్తిరించి, రంగు కాగితం మీద పువ్వు బొమ్మతో అచ్చువేసి పిల్లల చేతుల్లో పెడితే వాళ్లు దాన్ని ర్యాంకు హామీ అనుకోక ఏమనుకుంటారు? మీ తమ్ముడు కోల్పోయింది దేవుణ్ణి కాదు, ఆ కార్డుని. ఈ తేడా వాడికి తెలియాలి.

ఇప్పుడు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించిందని ఆయనే ఒప్పుకున్నాడు. హోరేబు కొండ దగ్గర మాటలు మొదలైనప్పుడు కూడా ఏలీయా చేసిన ఫిర్యాదునే రెండుసార్లు చెప్పనిచ్చాడు దేవుడు. ఆ తరువాత ఎలీషాను తోడిచ్చాడు. ఉపవాసం ఉన్న మీ అమ్మగారిని నేను తప్పుపట్టను. కానీ పిల్లవాడికి మాత్రం వేళకు అన్నం పెట్టమనండి.

ఇంకోటి. 88వ కీర్తన వాడితో కలిసి చదవండి. మామూలుగా విలాప కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది అలా కాదు, చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవాళ్లెవరూ తీసి పారేయలేదు, చివర ఒక ఓదార్పు వాక్యం అతికించనూ లేదు. దేవుడి మీద కోపంగా ఉన్న కుర్రవాడికి ఆ పుస్తకంలోనే చోటుందని తెలిస్తే చాలు, అర్థం మీరు వివరించనక్కర్లేదు. మా కూటానికి వచ్చే పిల్లల్లో ఆశ అలాగే చిగురించడం చూశాను. దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 చదివి వినిపించినప్పుడు మాత్రం చాలామంది ఫోను తీసేవారు.

డోలక్ వాయించమని బతిమాలకండి. బాగుపడ్డాక, దేవుడు మేలు చేశాడని సంఘం ముందు సాక్ష్యం చెప్పించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే ఆపండి.

రాత్రి డ్యూటీ నర్సు:
చెల్లీ, మాస్టారు చెప్పినది బాగుంది, కానీ ఒక పని ఈరోజే చేయాలి. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ. అవునంటే వాడిని ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేదన్నా నిద్ర, తిండి ఇలా తప్పినప్పుడు మానసిక వైద్యుడికి చూపించాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 కి ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ.

మందులు వాడితే విశ్వాసం లేనట్టని అమ్మ అంటే, కొలొస్సయులకు 4:14 చూపించు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే.

ఆఖరి బెంచీ:
అక్కా, నేను ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పి సప్లిమెంటరీ రాసినవాణ్ణి. ఫలితాలు వచ్చిన ఆదివారం ర్యాంకులు వచ్చినవాళ్లను ముందుకు పిలిచి శాలువాలు కప్పుతారు చూశారా, ఆ రోజు నేను సైకిల్ స్టాండు దగ్గరే నిలబడ్డాను. కాలేజీలో ఒక పట్టిక, గుడిలో ఇంకో పట్టిక. మా యూత్ లీడర్ అన్న వచ్చి వాక్యమేమీ చెప్పలేదు. సౌండ్ బాక్సులు మోయడానికి మనిషి కావాలన్నాడు. తరువాత వారం కూడా అదే పని. నా మార్కులు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ప్రార్థన మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు కానీ, గుడికి వెళ్లడం మానకపోవడానికి కారణం ఆ బాక్సులే. మీ సంఘంలో అలాంటి అన్న ఎవరైనా ఉన్నారేమో చూడండి. పాస్టరుగారే కానక్కర్లేదు.

తెనాలి అక్క:
నర్సు అక్కా, మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "చావాలని కాదు, లేవాలనిపించదు" అన్నాడు. శనివారం గుంటూరులో డాక్టరుగారిని కలుస్తున్నాం. నాన్న కూడా వస్తున్నారు. మాస్టారూ, 88వ కీర్తన తనే ఒక్కడే చదువుతానని బైబిలు లోపలికి తీసుకెళ్లాడు. ఏమనుకున్నాడో ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాలేజీకి ఏమని చెప్పాలి?

రాత్రి డ్యూటీ నర్సు:
డాక్టరుగారినే అడిగి వైద్య ధ్రువపత్రం తీసుకోండి, అది చూపించి సెలవు పెట్టవచ్చు. ఇంటి నుంచి రోజూ వెళ్లి రావడానికి ఒప్పుకుంటారేమో నాన్నగారిచేత అడిగించు. ఎప్పుడు పడుకుంటున్నాడో, ఏం తింటున్నాడో శనివారం లోపు ఒక కాగితం మీద రాసిపెట్టు, డాక్టరుగారు మొదట అడిగేది అదే. అంతవరకు రాత్రిళ్లు వాడి గదిలోనే ఎవరో ఒకరు పడుకోండి.