గ్లామర్ అంటే ఒకప్పుడు కనికట్టా?

సినిమా వార్తల్లో రోజూ చూసే ‘గ్లామర్’ అసలు స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషలోని పాత మాట అని ఈమధ్యే తెలిసింది. గ్రామర్ అనే మాటే నోళ్లలో నాని ఇలా మారిందట! అప్పట్లో గ్రామర్ అంటే లాటిన్ చదువే; ఆ చదువు చదువుకున్నవాళ్లకు మంత్రాలూ వచ్చని జనం నమ్మేవారు. అలా ఇది ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూపించే మాయకు పేరైంది. అచ్చం మన కనికట్టే. 1789లో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ ఒక పద్యంలో గ్లామర్‌కీ గ్రామర్‌కీ అంత్యప్రాస కలిపాడు. తర్వాత అక్కడి రచయితే అయిన వాల్టర్ స్కాట్ రాతలతో అది ఇంగ్లిష్‌లో బాగా పాకింది.

నా సందేహం ఒక్కటే. ఈ మంత్రం అందంగా ఎప్పుడు, ఎలా మారింది? ఎడిన్‌బరో, గ్లాస్గో వైపు ఉన్న తెలుగువాళ్లెవరైనా అక్కడి పెద్దవాళ్ల నోట పాత అర్థంలో విన్నారా? కాస్త చెప్పండి.