నంద్యాల పార్లమెంటు సీటు: 1977, 1991 ఎన్నికల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

నందికొట్కూరు కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా "మన సీటు ప్రధానమంత్రిని, రాష్ట్రపతిని ఇచ్చిన సీటు" అని గర్వంగా చెప్తారు. పీవీ గారి సంగతి కొంత తెలుసు కానీ మిగతాది అంతా ముక్కలు ముక్కలుగా విన్నదే. నా సందేహాలు ఇవి. సంజీవరెడ్డి గారు నిజంగా ఇక్కడి నుంచే గెలిచి రాష్ట్రపతి అయ్యారా? 1991లో తెలుగుదేశం అసలు అభ్యర్థినే పెట్టలేదంటారు, ఎందుకు? అంత పెద్ద పెద్ద నాయకులు గెలిచిన సీటులో మా పల్లెలకి ఒరిగింది ఏంటి? ఈ చివరిది కోపంతో అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

కేసీ కెనాల్ ఆయకట్టు:
తమ్ముడూ, మంచి ప్రశ్న. 1977 నుంచి మొదలుపెడతా, ఎందుకంటే ఆ ఎన్నిక గురించి మనవాళ్ళు మాట్లాడాల్సినంత మాట్లాడరు.

ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదిలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది, ఇందిరాగాంధీ గారే రాయ్‌బరేలీలో ఓడిపోయారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ గాలి వీయలేదు, 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. గెలిచింది జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారు. ఆయన అప్పటికి పోయిన గుర్రం అనే అందరూ అనుకున్నారు. 1969లో కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా నిలబడి వి.వి. గిరి చేతిలో రాష్ట్రపతి ఎన్నిక ఓడిపోయారు, 1971లో లోక్‌సభకీ ఓడిపోయి అనంతపురం జిల్లాలో సొంత ఊరు ఇల్లూరు చేరి వ్యవసాయం చూసుకున్నారు. అలాంటి మనిషిని నంద్యాల ఓటరు మళ్ళీ ఢిల్లీకి పంపాడు. మార్చిలో గెలిచారు, అదే నెలలో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవారు ఇప్పటికీ ఆయన ఒక్కరే. కాబట్టి మీ పెద్దవాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

నా దృష్టిలో 1991 కంటే ఇదే పెద్ద విషయం. రాష్ట్రమంతా ఒకవైపు నిలబడితే ఈ సీటు ఒంటరిగా ఇంకోవైపు నిలబడింది, అదీ కాంగ్రెస్‌కి అలవాటైన సీటు. అంతకుముందు 1967, 1971లో ఇక్కడ గెలిచింది పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు. సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళాక వచ్చిన ఉప ఎన్నికలో మళ్ళీ ఆయనే గెలిచారు, 1980లో కూడా. తర్వాత బీహార్‌కీ కర్ణాటకకీ గవర్నర్‌గా చేశారు. ఈ తరానికి ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే బయటి నుంచి వచ్చి వెళ్ళినవాళ్ళు కాదు, ఈ సీటుని ఎక్కువ కాలం మోసింది ఆయనే.

పాత పేపర్ల పిచ్చి:
1991 సంగతి నేను చెప్తా. ఆ ఎన్నికల్లో పీవీ గారు అసలు పోటీయే చేయలేదు, రాజకీయాల నుంచి తప్పుకునే ఆలోచనలో ఉన్నారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది, సరిగ్గా నెలకి, జూన్ 21న, పీవీ ప్రధాని అయ్యారు. ఏ సభలోనూ సభ్యుడు కాదు కాబట్టి ఆరు నెలల్లోపు ఎన్నిక కావాలి. అప్పుడు నంద్యాల నుంచి కొత్తగా గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. ఇంకోటి గుర్తుపెట్టుకో, పీవీ గారిది తెలంగాణ. అంతకుముందు హన్మకొండ నుంచి, తర్వాత మహారాష్ట్రలో రాంటెక్ నుంచి గెలిచారు. 1984లో హన్మకొండలో బీజేపీ జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు కూడా. నంద్యాలతో ఆయనకి పుట్టుక సంబంధం ఏమీ లేదు.

ఇక తెలుగుదేశం సంగతి. ఎన్టీఆర్ గారు, తెలుగువాడు మొదటిసారి ప్రధాని అయ్యాడు కాబట్టి పోటీ పెట్టం అన్నారు. 1982లో పార్టీ పెట్టిందే తెలుగువాడి ఆత్మగౌరవం పేరు మీద, కాంగ్రెస్‌కి వ్యతిరేకంగా. ఆ పార్టీయే కాంగ్రెస్ ప్రధానికి దారి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఇప్పటి రాజకీయాల్లో అలాంటిది ఊహించగలమా? బీజేపీ మాత్రం బంగారు లక్ష్మణ్ గారిని నిలబెట్టింది, డిపాజిట్ దక్కలేదు. పీవీ మెజారిటీ 5.8 లక్షలు, అప్పటికి దేశంలో అదే రికార్డు. అంతకుముందు 1989లో హాజీపూర్‌లో పాశ్వాన్ గారిది 5 లక్షల పైచిలుకు.

పాణ్యం ఓటరు:
పై అన్న చెప్పినవన్నీ నిజాలే, కానీ 5.8 లక్షల మెజారిటీని జనాభిమానానికి కొలతగా చూపిస్తే నేను ఒప్పుకోను. ప్రధాన ప్రత్యర్థి బరిలోనే లేనప్పుడు వచ్చిన అంకె అది. అసలు పరీక్ష 1996. అప్పుడు తెలుగుదేశం భూమా నాగిరెడ్డి గారిని నిలబెట్టింది, ప్రధానిగా ఉన్న మనిషి మెజారిటీ లక్ష లోపుకి దిగింది. గెలిచారు, అది చిన్న గెలుపేం కాదు. కానీ అదే ఎన్నికలో ఒడిశాలో బరంపురం నుంచి కూడా గెలిచి, అది ఉంచుకుని నంద్యాలని వదిలేశారు. ఆ ఉప ఎన్నికలో, కొన్ని నెలల క్రితం ఓడిన నాగిరెడ్డి గారే గెలిచారు, 1998, 1999లో కూడా ఆయనే.

ఒకసారి లెక్క చూడండి. 1977, 1991, 1996, ఇరవై ఏళ్ళలోపు మూడు ఉప ఎన్నికలు. ఏ ఒక్కటీ ఎంపీ చనిపోవడం వల్ల రాలేదు. ఒకరు పైకి వెళ్ళిపోయారు, ఒకరు పెద్దాయన కోసం తప్పుకున్నారు, ఒకరు ఇంకో సీటు ఎంచుకున్నారు. దీంట్లో గర్వం ఎంత ఉందో, మనల్ని అడగకుండానే మన సీటుని వాడుకున్నారనే బాధా అంతే ఉంది నాకు.

నందికొట్కూరు కుర్రోడు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. మూడు ఉప ఎన్నికల కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు. 2004 తర్వాత సంగతి కూడా చెప్పండి, ఎస్పీవై రెడ్డి గారు అన్ని పార్టీలు మారినా ఎలా గెలిచారు?

ఆళ్ళగడ్డ అమ్మాయి:
ఎస్పీవై రెడ్డి గారిది వేరే దారి. నంది పైపుల పరిశ్రమ ఆయనది. 2004, 2009లో కాంగ్రెస్ నుంచి, 2014లో వైసీపీ నుంచి గెలిచి వెంటనే తెలుగుదేశం వైపు వెళ్ళారు, 2019లో జనసేన నుంచి నిలబడి, ఓట్ల లెక్కింపు జరగకముందే ఏప్రిల్ 30న చనిపోయారు. ఆ ఫలితంలో వైసీపీ పోచా బ్రహ్మానందరెడ్డి గారు పెద్ద మెజారిటీతో గెలిచారు. 2024లో తెలుగుదేశం నుంచి బైరెడ్డి శబరి గారు ఆయన మీద లక్షకు పైగా ఓట్లతో గెలిచారు. ఈ సీటుకి మొదటి మహిళా ఎంపీ ఆవిడే, ఇది నాకు చాలా సంతోషం.

ఇక్కడ ఎంపీ ఓటు విడిగా పడటం అరుదు. అసెంబ్లీ దగ్గర ఏ కుటుంబం వెనక ఊరు నిలబడిందో, పార్లమెంటు ఓటూ ఎక్కువగా అటే పోతుంది. మా ఆళ్ళగడ్డనే చూడండి, భూమా, గంగుల కుటుంబాల మధ్య పోటీ దశాబ్దాలది. గంగుల ఇంటి నుంచి ఒక ఎంపీ, భూమా ఇంటి నుంచి ఒక ఎంపీ. 2014లో శోభా నాగిరెడ్డి గారు పోలింగ్‌కి ముందే రోడ్డు ప్రమాదంలో చనిపోతే, పేరు యంత్రంలో అలాగే ఉంది, ఓటర్లు ఆవిడకే వేసి గెలిపించారు. ఎంపీ సీటు లెక్కలు హైదరాబాదులోనో ఢిల్లీలోనో వేస్తారు, మనిషి మీద మమకారం మాత్రం ఇక్కడే ఉంటుంది.

కేసీ కెనాల్ ఆయకట్టు:
తమ్ముడూ, నీ మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఒక్క ఉదాహరణ ఇస్తా. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం 1996-97లో మంజూరైంది. బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా వెళ్ళే లైను అది. ప్రయాణికుల రైలు నడిచింది 2016లో. అంటే నాగిరెడ్డి గారు, ఎస్పీవై గారు ఎంపీలుగా ఉన్న కాలమంతా అది సాగుతూనే ఉంది. నీళ్ళ సంగతి అయితే ఇంకా బాధ. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళు మీ నందికొట్కూరు వైపువి, ఆత్మకూరు వైపువి. ఆ నీళ్ళు పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకుని మన పొలాల పక్కనుంచే కాలువల్లో పారుతుంటే, మునిగిన ఊళ్ళవాళ్ళ పరిహారం, ఉద్యోగాల గొడవ మాత్రం ప్రతి ఎన్నికలో కొత్తగా వాగ్దానం అవుతూనే వచ్చింది. మీ ఊళ్ళో ముంపు కుటుంబాలు ఉంటే వాళ్ళని అడిగి, ఏ ఎంపీ హయాంలో ఏం జరిగిందో ఇక్కడ రాయి. ఆ వివరం పేపర్లలో దొరకదు.