బోస్టన్ తొలి మహిళా బోధకుల ఇంటి సంగతులు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా తొలి వలసల్లో వాక్యం చెప్పిన ఆడవాళ్ల గురించి చదువుతున్నాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ఆన్ హచిన్సన్ సంగతి కొంత తెలుసు. మంత్రసాని పని చేస్తూ, ఇంట్లోనే ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆదివారం ప్రసంగం మీద మాట్లాడేది. రానురాను మగవాళ్లూ వచ్చారు. ఇంకేముంది, 1637లో గవర్నర్ విన్‌త్రాప్ ఎదుట విచారణ, బహిష్కరణ శిక్ష. మరుసటి ఏడాది చర్చి కూడా వెలివేసింది. ఆమె లేచి బయటికి వెళ్తుంటే తోడు నడిచింది మేరీ డయ్యర్. ఈ మేరీయే తర్వాత క్వేకర్ అయింది (ఆడవాళ్లూ వాక్యం చెప్పొచ్చనే క్రైస్తవ శాఖ, అప్పట్లో బోస్టన్‌లో నిషేధం). 1659లో మెడకు ఉరితాడు బిగించాక చివరి నిమిషంలో వదిలేస్తే, మళ్లీ బోస్టన్‌కే వచ్చింది! 1660 జూన్ 1న ఉరితీశారు.

ఆమె ప్రాణం కోసం భర్త అధికారులను బతిమాలుతూ ఉత్తరం రాశాడు. భార్యను చూసి ఆరు నెలలు దాటిందన్నాడు అందులో. నన్ను పట్టుకున్నది ఆ మాటే. ఇలా ఊళ్లు తిరిగిన క్వేకర్ స్త్రీలకు దారిఖర్చులు ఎవరిచ్చేవారు? వెనక పిల్లల్ని ఎవరు చూసేవారు? వీరగాథలు చాలానే దొరికాయి, నాకు కావాల్సింది ఇంటి లెక్కలు, ఉత్తరాలు, క్వేకర్ మీటింగుల రికార్డులు. ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంటే మరీ మంచిది. ఆనాటి ఇంగ్లీష్ స్పెల్లింగులంటే కొంచెం టెన్షనే, సరిచేసిన ప్రతి ఉంటే అదే చెప్పండి.