పాత క్యారెక్టర్ గేర్ (ఆయుధాలు, కవచాలు) కొత్తదానికి ఇస్తే, సింగిల్ ప్లేయర్‌లో అది చీటింగేనా?

ఓరుగల్లు_బార్బేరియన్ (హనుమకొండ)
డయాబ్లో 2 రిసరెక్టెడ్ అనే గేమ్ ఆఫ్‌లైన్‌లో ఆడుతున్నా. నా సోర్సెరెస్ క్యారెక్టర్ లెవెల్ 80 దాటింది. దానికి అక్కర్లేని మంచి సామానంతా షేర్డ్ స్టాష్‌లో (నా క్యారెక్టర్లందరికీ ఉమ్మడి పెట్టె) పెట్టి, కొత్త పాలాడిన్‌తో తీసుకుంటున్నా. మా బావ చూసి "ఇది ఆడినట్టే కాదు" అంటున్నాడు. ఆట నాది, సామాను నాది. మరి మోసపోయిందెవరు?

కాజీపేట_లోకో
మోసం అనను గానీ ఆట చప్పబడిపోతుంది తమ్మీ. స్టెల్త్ రూన్‌వర్డ్ సంగతే చూడు, కవచం సాకెట్లలో (గుంతల్లో) రూన్లనే రాళ్లు వరసగా పెడితే తయారయ్యేది. టాల్, ఎత్ రెండే రూన్లు, లెవెల్ 17కే వేసుకోవచ్చు. సొంతంగా చేసుకోవాలంటే కింద బూడిద రంగులో పేరు కనపడగానే ఆగుతాం, ఎత్తుకుని రెండు సాకెట్లున్నాయా అని చూస్తాం. స్టాష్‌లోంచి రెడీమేడ్‌గా వచ్చిందనుకో, కింద ఏం పడ్డా చూడం. మొదటి యాక్ట్‌లో ఉన్న మజా అంతా అదే కదా!

సుబేదారి_నెక్రో
అన్నా, మొదటి యాక్ట్ మజా మొదటిసారే. అయిదో క్యారెక్టర్‌తో కూడా అదే బురదలో అవే జాంబీలను కొట్టాలా? పైగా ఇచ్చినంత మాత్రాన కొత్త క్యారెక్టర్ వేసుకోలేడు. రూన్‌వర్డ్‌లే తీసుకో, స్పిరిట్ కత్తికి లెవెల్ 25, ఎనిగ్మాకి 65 ఉండాలి. మోనార్క్ షీల్డ్‌కైతే 156 స్ట్రెంత్. అన్న చదివిన పుస్తకాలు తమ్ముడికిచ్చినా పరీక్ష తమ్ముడే రాయాలి.

పాత_నెట్‌సెంటర్_బ్యాచ్ (కరీంనగర్)
2000లో వచ్చిన అసలు డయాబ్లో 2లో షేర్డ్ స్టాష్ లేదు. అప్పుడు మేం రెండు సిస్టంలు తీసుకునేవాళ్లం. ఒకదాంట్లో గేమ్ హోస్ట్ చేసి, రెండోదాంట్లోంచి చేరి సామాను నేల మీద పడేసి, బయటికొచ్చి ఇంకో క్యారెక్టర్‌తో మళ్లీ చేరి ఎత్తుకునేవాళ్లం. ఈలోపు కరెంటు పోతే ఇక అంతే, ఆ టెన్షన్ వేరు! 2021లో రిసరెక్టెడ్‌తో కంపెనీయే షేర్డ్ ట్యాబులు పెట్టి ఇచ్చాక ఇది తప్పెలా అవుతుంది?

కాజీపేట_లోకో
కంపెనీ ఇచ్చిందని అన్నీ వాడాలా? పాత్ ఆఫ్ ఎగ్జైల్ గేమ్‌లో సోలో సెల్ఫ్ ఫౌండ్ అనే మోడ్ పెట్టారు కదా, ఎవరి దగ్గరా కొనకుండా దొరికినదాంతోనే ఆడేది. అలా ఆడాలనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టేగా పెట్టారు.

సుబేదారి_నెక్రో
అందులో కూడా ఒకే లీగ్‌లో (సీజన్ లాంటిది) ఉన్న నీ క్యారెక్టర్లందరికీ స్టాష్ ఒక్కటే అన్నా. ట్రేడింగ్, పార్టీ ఉండవంతే. అంత కఠినంగా ఆడేవాళ్లకు కూడా తమ సామాను తాము మార్చుకోవడం తప్పనిపించలేదు.

కాజీపేట_లోకో
సరే, ఆ పాయింట్ నీదే. కానీ అన్ని ఆటలూ ఒకటి కాదు. 1998 నాటి బాల్డర్స్ గేట్ తీసుకో. క్యారెక్టర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, అదే అనుభవంతో, చేతిలో ఉన్న సామానుతో కథ మళ్లీ మొదటినుంచి ఆడొచ్చు. అక్కడ వస్తువులకు లెవెల్ షరతు లేదు. కథ మొదలయ్యే క్యాండిల్‌కీప్ కోట దాటగానే తోడేలు ఎదురైతే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తాల్సినవాడు ఒక్క దెబ్బకి పడగొడుతుంటే ఇక కథలో భయమేముంటుంది?

పాత_నెట్‌సెంటర్_బ్యాచ్ (కరీంనగర్)
ఇది ఒప్పుకుంటా. లెవెల్ అడ్డం ఉన్న ఆటలో ఇచ్చుకోవచ్చు, లేనిదాంట్లో చూసుకుని ఇవ్వాలి.

ఓరుగల్లు_బార్బేరియన్ (హనుమకొండ)
సరే, ఇకనుంచి విడి రూన్లు మాత్రమే ఇస్తా, తయారైన ఆయుధాలు ఇవ్వను. బేస్‌లు (రూన్లు పెట్టుకునే సాకెట్ల ఆయుధాలు, కవచాలు) పాలాడినే వెతుక్కోవాలి. మా బావకి ఇదే చెప్తే "రూన్లు గేర్ కాదా మరి?" అంటున్నాడు.