ఆరేళ్ల పిల్లలకు మొదటి పెంపుడు జీవి: చేపలా, కుక్కపిల్లా, కోడా?

కావలి గృహిణి:
మా పాప ఒకటో తరగతి చదువుతోంది, బాబుకు ఇంకా మూడేళ్లే. మేము ఉండేది రెండో అంతస్తులోని అద్దె ఇల్లు. మా అత్తగారు రామచిలుకను తెమ్మంటున్నారు, మావారు కుక్కపిల్ల అంటున్నారు, నాకేమో చేపలే సులువనిపిస్తోంది. పెంచిన అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

కందుకూరు మాష్టారు:
చిలుక ఆలోచన మానుకోండమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం, నక్షత్ర తాబేలుకూ అదే వర్తిస్తుంది. నా ఓటు కుక్కపిల్లకే. చేపను ఎంతసేపు చూసినా అది పిల్లల ఒళ్లోకి రాదు. బడి నుండి రాగానే ఎదురొచ్చే జీవి వల్ల కలిగే మమకారం గాజు తొట్టి వల్ల కలగదు.

అల్లూరు రొయ్యల రైతు:
మాష్టారు గారు చెప్పిన మమకారాన్ని నేను కాదనను గాని, అడిగిన ప్రశ్న సులువైనది ఏదని. కుక్కపిల్లకు నట్టల మందు తాగించాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి, దాన్ని తర్వాత కూడా పశువైద్యుడు చెప్పిన గడువుల్లో వేయిస్తుండాలి, పదేళ్లకు పైగా పొద్దునా సాయంత్రం మెట్లు దింపి తిప్పాలి. ఈ పనుల్లో ఒక్కటీ ఆరేళ్ల పిల్ల చేయగలిగింది కాదు, అన్నీ తల్లి నెత్తిన పడేవే. ఆడుకుంటూ గోరు గీరినా పిల్లవాడిని సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్లక తప్పదు.

అలాగని చేపలంటే గోల్డ్ ఫిష్‌ను గుండ్రటి గాజు గిన్నెలో వేసి బల్ల మీద పెట్టడం కాదు. మా చెరువుల్లో అమోనియా పెరిగితే రొయ్య మేత మానేస్తుందని మన ప్రాంతంలో తెలియనివారు అరుదు. గిన్నెలో జరిగేదీ అదే. చేప మొప్పల గుండా వదిలే అమోనియా ఆ కాసిని నీళ్లలో పేరుకుని, మొప్పలు ఎర్రబడి, చేప పైకి తేలి నోరు తెరుస్తూ ఉంటుంది, మనం ఆకలేమోనని ఇంకా మేత వేస్తాం. దానికి బదులు నలభై లీటర్ల తొట్టి, ఒక స్పాంజి ఫిల్టరు, గప్పీలనే చిన్న రంగుల చేపల్లో అయిదారు మగవి చాలు. ఆడవాటిని కలిపితే నెలనెలా పిల్లలు పెట్టి తొట్టి నిండిపోతుంది. రెండు నిమిషాల్లో తినగలిగినంత చిటికెడు మేత వేయడం, వారానికోసారి పావువంతు నీరు మార్చేటప్పుడు మగ్గు అందించడం మీ పాప చేతనైన పనులే.

ఒంగోలు పెరటి ఇల్లు:
మా ఇంట్లో నాటు కోళ్లే మొదటి నేస్తాలు. గూట్లో గుడ్డు వెచ్చగా చేతికి తగిలినప్పుడు పిల్లలకు కలిగే సంబరం గప్పీలతో రాదు. కొక్కెర తెగులుకు టీకా వేయిస్తే చాలావరకు నిశ్చింత. తిరునాళ్లలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లలను మాత్రం కొనవద్దు. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు, వెచ్చదనం లేక రోజుల్లోనే చనిపోతాయి.

అల్లూరు రొయ్యల రైతు:
పెరడుంటే మీ మాట నిజమేనండి, రెండో అంతస్తులో కోడి ఎక్కడ తిరుగుతుంది? పైగా కోళ్ల నుండి సోకే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం వల్ల అయిదేళ్లలోపు పిల్లలను కోడిపిల్లలకు దూరంగా ఉంచమంటారు, ఆ ఇంట్లో బాబుకు మూడేళ్లే. 2024 ఫిబ్రవరిలో మా నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కందుకూరు మాష్టారు:
కుక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయితే మూడేళ్ల బాబు ఉన్నాడన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. వాడు బడికి వెళ్లేదాకా ఆగవచ్చు.

కావలి గృహిణి:
మాకు బోరు నీరే, ఉప్పుగా ఉంటుంది. గప్పీలు తట్టుకుంటాయా?

అల్లూరు రొయ్యల రైతు:
లవణాలు ఎక్కువున్న ఇలాంటి కఠిన జలం గప్పీలకు ఇబ్బంది కాదు. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచాలి. ముందు తొట్టి నింపి, ఫిల్టరు ఆపకుండా తిప్పుతూ, రోజూ రవ్వంత మేత వేయండి. దానిలోంచి పుట్టే అమోనియాను హరించే సూక్ష్మజీవులు స్థిరపడటానికి సుమారు నెల పడుతుంది, చేపలను ఆ తర్వాతే కొనండి. రోహిణి కార్తెలో కిటికీ పక్కన మాత్రం పెట్టవద్దు.